ఆ రోజు డాలరు ఎంత? పాత మారకం రేట్లు దొరికే చోట్లపై ఒక సమీక్ష

2013 ఆగస్టు 28న డాలరుకు ఎన్ని రూపాయలు? రిజర్వ్ బ్యాంక్ రికార్డు 68.3611 అంటుంది. ఆ సాయంత్రం మార్కెట్ మూసేసరికి ఉన్నది 68.80 దగ్గర. మధ్యలో ఒక దశలో 68.85 దాకా జారింది. మూడూ నిజమే. మొదటిదానికీ రెండోదానికీ తేడా 44 పైసలు, పదివేల డాలర్ల మీద దాదాపు 4,400 రూపాయలు. ఆ తేదీ రేటు కావాలని వెతికేవాళ్లకు ఈ మూడింటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. అది తమకు పనికొచ్చేదా కాదా అన్నది మాత్రం చాలాసార్లు పన్ను నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

పాత రేట్లు చూపించే సైట్లు కొల్లలుగా ఉన్నాయి. వాటిలో ఏది కచ్చితం అని అడిగితే లెక్క తేలదు. అది ఏ వేళ తీసిన రేటు, కొనే రేటా అమ్మే రేటా, ఎవరికి చూపించడానికి అన్న మూడు ప్రశ్నలతోనే ఒక్కో చోటునీ తూచాలి.

ముందు రిజర్వ్ బ్యాంకే

రిజర్వ్ బ్యాంక్ సైట్‌లో రిఫరెన్స్ రేట్ (పనిదినాల్లో ప్రకటించే ప్రామాణిక రేటు) ఆర్కైవ్ అని ఒక పేజీ ఉంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కావాలో, ఏ కరెన్సీ కావాలో చెబితే పట్టిక వస్తుంది. ఎంతోకాలంగా అక్కడ ఉన్నవి నాలుగు: డాలరు, పౌండు, యూరో, యెన్. ఖాతా తెరవక్కర్లేదు, రుసుము లేదు, ప్రకటనల గోల లేదు. రేటు దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా ఇస్తారు. యెన్ ఒక్కటి వంద యెన్‌లకు ఇన్ని రూపాయలు అని ఉంటుంది. అది గమనించకుండా గుణించి వందరెట్లు ఎక్కువ రాసినవాళ్లు ఉన్నారు.

2018 జులై 10 నుంచి ఈ రేటు లెక్కగట్టే పని రిజర్వ్ బ్యాంక్‌ది కాదు. ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థకు అప్పగించారు, అందరూ ఎఫ్‌బీఐఎల్ అంటారు. పద్ధతి కూడా మారింది. అంతకుముందు మధ్యాహ్నం వేళ కొన్ని బ్యాంకులను రేటు అడిగి సగటు కట్టేవారు. ఇప్పుడు 11:30కీ 12:30కీ మధ్య ఏదో ఒక 15 నిమిషాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఆ వ్యవధిలో ఎలక్ట్రానిక్ వేదికల మీద నిజంగా జరిగిన డాలరు లావాదేవీలను వాటి పరిమాణాన్ని బట్టి సగటు చేస్తారు. ఏ 15 నిమిషాలో ముందుగా ఎవరికీ తెలియదు, కాబట్టి ఆ వేళకు రేటును ఎగదోయడం కష్టం. పౌండు, యూరో, యెన్ రేట్లు డాలరు మీదుగా కట్టినవే.

దీని బలం అదే, బలహీనతా అదే. మధ్యాహ్నం తర్వాత జరిగిన రభస ఇందులో కనిపించదు. పైన చెప్పిన 2013 ఆగస్టు 28 అందుకు మంచి ఉదాహరణ. కాంట్రాక్టుల్లో, ఆడిట్‌లో, వ్యాసాల్లో, ఏళ్ల తరబడి ధోరణి చూడటానికి దీన్ని మించింది లేదు. కానీ ఈ రేటుకు మీకు ఏ బ్యాంకూ డాలరు అమ్మదు, కొనదు. ఆదాయపు పన్నుకూ ఇది పనికిరాదు.

సెలవుల సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడ నడిచేది ముంబై క్యాలెండర్. మహారాష్ట్ర దినోత్సవమైన మే 1న రేటు ఉండదు. ఉగాదికీ ఉండదు, ఎందుకంటే అదే రోజు వాళ్లకు గుడి పడ్వా. ఖాళీ వచ్చినచోట ముందు పనిదినం రేటు తీసుకోవాలి, తర్వాతిది కాదు. ఫైలంతా ఇదే పద్ధతి పాటించి, ఆ మాట కింద ఒక వరుసలో రాసిపెట్టాలి.

రోజువారీ రేటుతో పని లేక ఏడాది సగటు కావాలంటే రిజర్వ్ బ్యాంకే ఏటా వేసే గణాంకాల హ్యాండ్‌బుక్ చూడాలి. అందులో ఆర్థిక సంవత్సరాల సగటు 1970ల నుంచి దొరుకుతుంది. సగటుతో ఒక చిక్కుంది. 1990-91 సగటు 17.94, 1991-92 సగటు 24.47. రెండో అంకె ఏ రోజుదీ కాదు. 1991 జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు, డాలరు 21.14 నుంచి 25.95కు ఎగిరింది. రెండో విడత దూకుడులో 24 రూపాయల మెట్టును అసలు తొక్కలేదు. 24.47 అన్నది ఆ గెంతుకు అటు మూడు నెలలను, ఇటు తొమ్మిది నెలలను కలిపి కట్టిన లెక్క మాత్రమే. 1991 మేలో అమెరికా నుంచి వచ్చిన డబ్బును ఆ సగటుతో లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే.

ఆ తర్వాతి ఏడాది ఇంకా తిరకాసు. 1992 మార్చి 1 నుంచి 1993 ఫిబ్రవరి చివరి దాకా దేశంలో రెండు రేట్లు నడిచాయి. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో 40 శాతాన్ని అధికారిక రేటుకు ఇవ్వాలి, 60 శాతాన్ని మార్కెట్ రేటుకు అమ్ముకోవచ్చు. అధికారిక రేటు 26 దగ్గర ఉంటే మార్కెట్ రేటు 30 చుట్టూ తిరిగింది. 1993 మార్చి 1న రెంటినీ కలిపేశారు. ఈ 12 నెలలకు ఏ సైటైనా ఒకే వరుస చూపిస్తుంటే అది వాటిలో ఏదో కనుక్కోండి. చెప్పకపోతే ఆ ఏడాదికి ఆ సైటును వదిలేయడమే మంచిది.

పన్నుకు కావాల్సింది వేరే రేటు

విదేశీ ఆదాయం ఉన్న ప్రతి తెలుగు ఐటీ ఉద్యోగీ ఏదో ఒక జులైలో ఇక్కడ ఇరుక్కుంటాడు. 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి వర్తించే 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వది అడిగేది స్టేట్ బ్యాంక్ వారి టీటీ బయింగ్ రేటు. అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ ద్వారా వచ్చిన డాలరును బ్యాంకు ఎంతకు కొంటుందో ఆ రేటు. అది రిఫరెన్స్ రేటు కన్నా మామూలుగా కొన్ని పదుల పైసలు తక్కువ ఉంటుంది, ఎందుకంటే బ్యాంకు లాభం అందులోనే ఉంది. పదివేల డాలర్లకు ప్రతి పది పైసలూ వెయ్యి రూపాయలు.

ఏ తేదీ రేటు అన్నది ఆదాయాన్ని బట్టి మారుతుంది. జీతానికి, అది రావాల్సిన నెలకు ముందు నెల చివరి రోజుది. డివిడెండుకు, అది ప్రకటించిన లేదా చెల్లించిన నెలకు ముందు నెల చివరి రోజుది. షేర్లు అమ్మితే, అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజుది. బ్యాంకు వడ్డీలాంటి ఇతర ఆదాయానికి ఆర్థిక సంవత్సరం చివరి రోజు, అంటే మార్చి 31. విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడిగేటప్పుడు 128వ నిబంధన కింద, పన్ను కట్టిన లేదా కోత పడ్డ నెలకు ముందు నెల చివరి రోజు రేటు. విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ మాత్రం దారి వేరు. అక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. ఖాతాలో గరిష్ఠ నిల్వ ఏ రోజు ఉందో ఆ రోజు రేటే కావాలి. అంటే ఒకే రిటర్నులో ఒకే డాలరుకు నాలుగైదు రేట్లు పడతాయి. ఏడాదంతటికీ ఒకే రేటు వేసి పని కానిచ్చేసిన రిటర్ను చూడగానే దొరికిపోతుంది.

ఉదాహరణకు 2024 ఏప్రిల్ 10న షేర్లు అమ్మారనుకుందాం. కావాల్సింది మార్చి 31 రేటు. ఆ రోజు ఆదివారం. 30 శనివారం, మార్కెట్ లేదు. 29 గుడ్ ఫ్రైడే. కాబట్టి వెనక్కి నడిచి మార్చి 28 గురువారం దగ్గర ఆగాలి. ఏప్రిల్‌లో తర్వాతి పనిదినం రేటు దొరికింది కదా అని వేసేయడం అందరూ చేసే పొరపాటు.

ఇక అసలు ఇబ్బంది. ఇంత ముఖ్యమైన ఈ రేటుకు అధికారిక ఆర్కైవ్ లేదు. స్టేట్ బ్యాంక్ రోజూ ఫారెక్స్ కార్డ్ రేట్ల పీడీఎఫ్ ఒకటి పెడుతుంది. మర్నాడు అదే లింకులో కొత్తది వస్తుంది, నిన్నటిది పోతుంది. చట్టం ఒక రేటును తప్పనిసరి చేసి, ఆ రేటు పాతది ఎక్కడ చూడాలో చెప్పకపోవడం వింతే. ఈ సమీక్షలో అన్నిటికన్నా తక్కువ మార్కులు దీనికే.

పీడీఎఫ్ చదవడంలోనూ జాగ్రత్త కావాలి. ఒక్కో కరెన్సీకి ఎదురుగా ఎనిమిది గడులు ఉంటాయి: టీటీ కొనుగోలు, టీటీ అమ్మకం, బిల్లు కొనుగోలు, బిల్లు అమ్మకం, ట్రావెల్ కార్డుకు రెండు, నోట్లకు రెండు. మీకు కావాల్సింది మొదటిది. నోట్ల కొనుగోలు రేటు దీనికన్నా బాగా తక్కువ. తొందరలో ఆ గడిలో అంకె ఎత్తి రాస్తే ఆదాయం తగ్గించి చూపినట్టవుతుంది. పైన తేదీ, వేళ ఉంటాయి, అవి కూడా కనబడేలా కాపీ దాచుకోండి.

మరి పాత తేదీలకు ఏం చేయాలి? గిట్‌హబ్‌లో ఈ పీడీఎఫ్‌లను రోజూ దించి, అంకెలను సీఎస్వీ ఫైళ్లుగా పేర్చిపెట్టే స్వచ్ఛంద ప్రాజెక్టులు ఉన్నాయి. ఉచితం, వాడటం తేలిక, ఒక్కో కరెన్సీకి ఒక్కో ఫైలు. అంకె కనిపించిన వెంటనే నమ్మేయకుండా అదే తేదీ అసలు పీడీఎఫ్ కూడా తెరిచి పోల్చండి. పీడీఎఫ్ నుంచి అంకెలు లాగేటప్పుడు గడి తప్పడం, సున్నా రావడం మామూలే. చార్టర్డ్ అకౌంటెంట్లు తమ సైట్లలో పెట్టే నెలాఖరు రేట్ల పట్టికలు ఇంకో దారి. రెండు పట్టికల్లో ఒకే అంకె ఉంటే ధైర్యంగా వాడొచ్చు. తేడా ఉంటే ఒకరు మార్కెట్ రేటు ఎక్కించి ఉంటారు.

అమెరికా వైపు నుంచి చూస్తే

సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ వారి ఫ్రెడ్ సైట్‌లో రూపాయి-డాలరు రోజువారీ వరుస 1973 నుంచి ఉంది. వాడుకకు ఇంత హాయిగా ఉండే సైటు ఇంకోటి లేదు: గ్రాఫు వస్తుంది, తేదీలు జరుపుకోవచ్చు, నెల సగటో ఏడాది సగటో అక్కడే కట్టుకోవచ్చు, ఫైలుగా దించుకోవచ్చు. తేదీలు సంవత్సరం-నెల-రోజు వరుసలో ఉంటాయి కాబట్టి ఎక్సెల్ తికమక పడదు.

అంకెలు మాత్రం న్యూయార్క్ మధ్యాహ్నం 12 గంటలవి. మనకు అది వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. ముంబై మూసుకున్నాక ఎంతో సేపటికి తీసిన రేటు. అందుకే ఇదీ రిజర్వ్ బ్యాంక్ రేటూ పక్కపక్కన పెడితే కుదురుగా ఉన్న రోజుల్లో పైసల్లో, కుదురులేని రోజుల్లో పదుల పైసల్లో తేడా వస్తుంది. సెలవులూ కలవవు. జులై 4న అక్కడ ఖాళీ, ఇక్కడ రేటు ఉంటుంది. రెండు వరుసలనూ తేదీ ఆధారంగా జోడించకుండా పక్కపక్కన అతికిస్తే ఏడాది తిరిగేసరికి వరుసలు రోజుల తరబడి జరిగిపోయి ఉంటాయి. కొత్త అంకెలు వారానికోసారి వస్తాయి, నిన్నటి రేటు కోసం ఇక్కడికి రావద్దు.

అమెరికాలో ఉండి ఇక్కడ ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలున్నవాళ్లకు కావాల్సింది ఇదీ కాదు. విదేశీ ఖాతాలన్నిటి మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే పత్రం) వేయాలి. అందులో వాడాల్సింది అమెరికా ట్రెజరీ మూడు నెలలకోసారి ఇచ్చే రేట్లలో డిసెంబరు 31ది. గరిష్ఠ నిల్వ మార్చిలో ఉన్నా సరే, రేటు డిసెంబరు 31దే. ముందు ఒక్కో ఖాతా గరిష్ఠ నిల్వ రూపాయల్లో రాసుకుని, ఆ ఒక్క రేటుతో భాగించి, సెంట్లు వస్తే పై డాలరుకు పెంచాలి. మన షెడ్యూల్ ఎఫ్‌ఏకు ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి. రెండు దేశాల్లోనూ దాఖలు చేసేవాళ్లు ఒకదాని పట్టిక రెండోదానికి వాడి దెబ్బతినేది ఇక్కడే. ట్రెజరీ పట్టిక మాత్రం శుభ్రంగా ఉంది, పాతవి 2001 నుంచి దొరుకుతాయి.

యూరోతో పని ఉన్నవాళ్లకు యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రోజువారీ ఫైలు మంచిది, 1999 నుంచి మొత్తం ఒకే జిప్‌లో ఇస్తారు. అందులో రూపాయి చేరింది మాత్రం 2009 జనవరిలో. దిగుమతి వ్యాపారులకు వీటిలో ఏదీ పనికిరాదు. వాళ్లకు చెల్లేది కస్టమ్స్ వారు పక్షానికోసారి ప్రకటించే రేటే. అందులో దిగుమతికి ఒకటి, ఎగుమతికి ఒకటి.

1973కు ముందు

ఇక్కడికి వచ్చేసరికి చాలా సైట్లు చేతులెత్తేస్తాయి, కొన్ని ఏదో ఒకటి చూపించేస్తాయి. సైటును పరీక్షించడానికి తేలిక దారి ఒకటుంది. 1947 ఆగస్టు 15న డాలరు ఎంతో అడగండి. ఒక రూపాయి అని వస్తే ఆ ట్యాబ్ మూసేయండి. వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ ముక్క శుద్ధ అబద్ధం.

అప్పటి రేటును ఎవరి మీదా ఆధారపడకుండా మనమే కట్టొచ్చు. అప్పట్లో రూపాయిని కట్టింది డాలరుకు కాదు, పౌండుకు. రూపాయికి 1 షిల్లింగ్ 6 పెన్నీలు. పౌండులో 20 షిల్లింగులు, షిల్లింగులో 12 పెన్నీలు, అంటే పౌండుకు 13 రూపాయల 33 పైసలు. పౌండుకు 4.03 డాలర్లు. 4.03ను 13.3333తో భాగిస్తే రూపాయికి 30.225 సెంట్లు. 1946 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి ప్రకటించిన రూపాయి సమవిలువ అచ్చంగా ఇదే. తిరగేస్తే డాలరుకు 3.31.

ఇదే లెక్క ముందుకు నడుస్తుంది. 1949 సెప్టెంబరులో పౌండు 2.80 డాలర్లకు పడింది, రూపాయి దాని వెంటే దిగింది: 21 సెంట్లు, డాలరుకు 4.76. 1966 జూన్ 6న మన ప్రభుత్వం విలువ తగ్గించింది: డాలరుకు 7.50, పౌండుకు 21. 1967 నవంబరులో పౌండు 2.40కి దిగినప్పుడు ఈసారి రూపాయి కదల్లేదు, కాబట్టి పౌండు 18 రూపాయలైంది. మీరు వాడే సైట్‌లో 1966 మేకు 4.76, జులైకు 7.50 ఉండాలి. రెంటి మధ్య ఏటవాలు గీత గీసి నెలనెలా కొంచెం కొంచెం పెరిగినట్టు చూపిస్తుంటే, అది ఏడాది సగటులను సాగదీసి నింపిన పట్టిక.

1966 గురించి రాసేవాళ్లు శాతాల దగ్గర కొట్టుకుంటారు. 57.5 అని ఒకరు, 36.5 అని ఇంకొకరు. డాలరు ధర 4.76 నుంచి 7.50కు పెరిగింది 57.5 శాతం. రూపాయి విలువ తగ్గింది 36.5 శాతం. రెండూ ఒప్పే, దేనికి శాతం కట్టారో చెప్పడమే ఎగ్గొడతారు.

గల్ఫ్ రేట్లకు దగ్గరి దారి

కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల పాత పంపకాల లెక్క తేల్చాలంటే దిర్హామ్, రియాల్ రేట్ల ఆర్కైవ్ కోసం వెతకనక్కర్లేదు. అవి డాలరుకు కట్టేసి ఉన్నాయి. యూఏఈ దిర్హామ్ 1997 నుంచి డాలరుకు 3.6725. సౌదీ రియాల్ 1986 నుంచి 3.75. ఖతార్ రియాల్ 3.64. ఒమన్ రియాల్ మాత్రం తిరగేసి, ఒక రియాల్‌కు దాదాపు 2.60 డాలర్లు. ఆ తేదీ రిజర్వ్ బ్యాంక్ డాలరు రేటును ఈ అంకెతో భాగిస్తే చాలు, ఒమన్‌కైతే గుణించాలి. 2013 ఆగస్టు 28కి దిర్హామ్ చూద్దాం: 68.3611ను 3.6725తో భాగిస్తే 18.61. కువైట్ దినార్‌కు ఈ కిటుకు పనిచేయదు. 2007 నుంచి దాన్ని కొన్ని కరెన్సీల బుట్టకు కట్టారు.

ఇది కొనే రేటుకూ అమ్మే రేటుకూ నడిమిన ఉండే మధ్యస్థ రేటే సుమా. ఆ రోజు ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో చేతికిచ్చింది ఇంతకన్నా తక్కువే ఉంటుంది. రుసుము వేరు. అసలు రసీదు ఉంటే దానిమీద ఉన్న రేటే రేటు.

షీటులో చేసే తప్పులు

ఫోన్ యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అవి చూపేది ఏదో ఒక వేళ తీసిన మధ్యస్థ రేటు, శని ఆదివారాలకు కూడా అంకె ఉంటుంది. కుతూహలానికి సరే, కాగితం మీద పెట్టొద్దు.

రిజర్వ్ బ్యాంక్ పట్టికలో తేదీ రోజు-నెల-సంవత్సరం. అమెరికా సెట్టింగులున్న ల్యాప్‌టాప్‌లో అతికిస్తే 5-6-2013 జూన్ 5 కాకుండా మే 6 అయిపోతుంది. 12 దాటిన తేదీలు మాత్రం అక్షరాలుగా మిగిలిపోతాయి. అతికించాక తేదీ గడిని పెద్దది నుంచి చిన్నదానికి పేర్చి చూస్తే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది. ఇంకోటి, సగటును తిరగేయడం. ఒక నెల 80, ఇంకో నెల 90 అయితే సగటు 85. రూపాయికి ఎన్ని డాలర్లో ముందు తిరగేసి, సగటు కట్టి, మళ్లీ తిరగేస్తే వచ్చేది 84.71. రూపాయల్లో ఆదాయం ఉండి డాలర్లలో చెప్పాలంటే ఏ వైపు నుంచి కట్టారో ఒకసారి సరిచూసుకోండి.

వీటిలో ఏ ఆర్కైవ్‌లోనూ దొరకని రేటు ఒకటుంది, తెలంగాణ పాత దస్తావేజులు విప్పేవాళ్లకు తగులుతుంది: హాలీ సిక్కా. అంటే నిజాం రాజ్యపు రూపాయి. అది వేరు, బ్రిటిష్ ఇండియా రూపాయి వేరు. రెండోదాన్ని హైదరాబాద్‌లో కల్దార్ అనేవారు. అధికారిక మారకం 7 హాలీలకు 6 కల్దార్లు, అంటే 100 కల్దార్లకు 116 హాలీల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు). దస్తావేజులో ఉస్మానియా సిక్కా (హాలీకే ఇంకో పేరు) 3,500 అని ఉంటే ముందు 7తో భాగించి 6తో గుణించండి, 3,000 కల్దార్లు. అది 1947 నాటి కాగితమైతే డాలర్లలోకి మార్చడానికి 0.30225తో గుణించాలి: 906 డాలర్ల 75 సెంట్లు.